తూనీగ మీద నీటిచుక్కలు

కళ్ళద్దాలాయనకి ఓపిక లేదన్న సంగతి అందరికంటే ముందు ఆయన భార్యకి తెలుసు. పాలు పొయ్యి మీద పెట్టి, "కాస్త చూస్తూ ఉండండి" అని ఆవిడ స్నానానికి వెళ్తే, ఆయన అవి కాగేదాకా నిలబడలేక పేపరు తెచ్చుకునేవాడు. పేపర్లో ఒక్క వార్తయినా పూర్తిగా చదవలేక బాల్కనీలోకి పోయేవాడు. ఆవిడ తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చేసరికి పాలు పొయ్యిపాలయ్యేవి.

అలాంటి మనిషి తీసిన ఫోటోని లైబ్రరీవాళ్ళు పెద్దది చేయించి, కింద 'ఓపికకు దక్కిన ఫలం' అని రాసి, గుమ్మానికి ఎదురుగా గోడకి తగిలించారు. ఆ ఫోటో ఎదురుపడుతుందని ఆయన ఇప్పుడు లైబ్రరీ వెనక సందులోంచి పనికి వెళ్తున్నాడు. ఆ సందులో మురుక్కాలవ ఉంది. దాటేటప్పుడు ప్యాంటు పైకి పట్టుకోవాలి. అయినా అదే నయమనుకున్నాడు పాపం.

ఆయన ఉద్యోగం కళ్ళద్దాల షాపు వెనక గదిలో. ముందు గదిలో ఓనరు నవ్వులు పూయిస్తూ ఫ్రేములు అమ్ముతుంటాడు. వెనక ఈయన అద్దాన్ని చక్రానికి ఆనించి అంచులు అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టి, తుడిచి పంపిస్తాడు. పనికి వంక పెట్టినవాడు లేడు. చక్రం తిరిగినంతసేపే పని గనక ఓపికతో అవసరం పడలేదు. సెలవు వస్తే మాత్రం మెడలో కెమెరా వేసుకుని ఊరి చివర పార్కులో, కుంట గట్టు మీద తేలేవాడు.

మొదట కొన్నది పొడుగాటి లెన్సు, ఎవరో వాడి వదిలేసింది. దాంతో పిట్టల్ని తియ్యాలని ఆశ. పిట్టలు ఈయన కోసం కూర్చుంటాయా? కూర్చున్నా, ఈయన కూర్చోడు. కాలు మారుస్తాడు, దోమని కొడతాడు, సరిగ్గా మీట నొక్కేముందు తుమ్ముతాడు. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ ఖాళీ కొమ్మలే. "కొమ్మలు మాత్రం మీలా ఇంకెవరూ తియ్యలేరండీ" అంది భార్య. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన తప్పు లెన్సుమీదికి నెట్టి, దాన్ని ఇచ్చేసి, చిన్న వాటిని పెద్దగా చూపించే మాక్రో లెన్సు తెచ్చుకున్నాడు. పురుగులైతే ఎక్కడికి పోతాయిలే అన్నది ఆయన ధీమా.

పురుగులు ఇంకా తొందరగా పోయాయి. ఆ లెన్సుతో పని జరగాలంటే జానెడు దూరానికి వెళ్ళాలి. అంత దగ్గరికి మనిషి ముఖం వస్తే ఏ తూనీగ ఊరుకుంటుంది? ఊరుకున్నా, కంటికి ఫోకస్ కుదిరితే రెక్క మసక, రెక్కకి కుదిరితే తోక మసక. కుంట దగ్గర కలిసే ఫోటోల మిత్రులంతా ఒకటే మాట చెప్పేవారు. తెల్లారకముందు వెళ్ళాలి, అప్పుడు తూనీగ చలికి బిర్రబిగుసుకుని, ఒంటినిండా మంచు బొట్లతో తుంగపరకని పట్టుకుని ఉంటుంది, ఎండ తగిలేదాకా కదలదు అని. ఈయన రెండు పొద్దులు వెళ్ళాడు. దోమలు కుట్టాయిగానీ తూనీగ కనబడలేదు. మూడోనాడు అలారం నోరు నొక్కి అటు తిరిగి పడుకున్నాడు.

మిత్రుల్లో మందులషాపాయన ఒకడు. అతను చెవిలో ఊదాడు.

"తెల్లారగట్ట లేవడం ఎందుకన్నా? సాయంత్రం ఒకదాన్ని పట్టుకొచ్చి ఫ్రిజ్‌లో కాసేపు పెట్టు. కదిలితే నన్నడుగు. అందరూ చేసేదే, ఎవరూ చెప్పుకోరంతే."

అలాగే చేశాడు. భార్య వాళ్ళక్క ఇంటికి వెళ్ళిన రోజు చూసి, కళ్ళద్దాల పెట్టెకి చిల్లులు పొడిచి, అందులో ఎర్రతోక తూనీగని పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాడు. తెల్లారాక తీసి బాల్కనీ కుండీలో గుచ్చిన తుంగపరక మీద కూర్చోబెట్టాడు. అద్దాలు తుడిచే స్ప్రే సీసా కడిగి, నీళ్ళు పోసి, దానిమీద సన్నగా చల్లాడు. అబ్బ, ఏం ఫోటో వచ్చిందని! ఒక్కో చుక్కలో ఒక్కో చిన్న ఆకాశం. కాసేపటికి ఎండ తగిలి తూనీగ రెక్కలు వణికించి ఎగిరిపోయింది. దానికేం కాలేదు, నాకేం కాలేదు, ఎవరికి నష్టం అనుకున్నాడు.

నష్టం లైబ్రరీలో మొదలైంది. అక్కడ పెట్టిన ఫోటోల ప్రదర్శనలో దానికి మొదటి బహుమతి ఇచ్చి, లైబ్రేరియన్ అందరి ముందూ మైకు మూతికి ఆనించి, ఎలా తీశారో చెప్పమంది. ఇంట్లో బాల్కనీలో తీశానని నాలుక చివరిదాకా వచ్చింది. ముందువరసలో భార్య కొత్త చీరలో వెలిగిపోతూ కూర్చుంది. "వారం రోజులు చీకట్లో లేచి కుంట దగ్గర కూర్చున్నానండీ. చివరికి కనబడింది. ఎండ పడగానే రెక్కలు వణికించి ఎగిరిపోయింది" అన్నాడు. చప్పట్లు మోగాయి. భార్య మాత్రం చప్పట్లు కొట్టకుండా విచిత్రంగా చూసింది. ఆవిడ నిద్ర మొద్దునిద్ర కాబట్టి, తను లేవకముందే వెళ్ళొచ్చాడు కాబోలని ఆవిడే సర్దుకుని నమ్మేసింది. అది చూసి ఆయనకి తల కొట్టేసినట్టయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మామగారు వచ్చారు.

మామగారు జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. కంటి ఆపరేషన్ చేయించుకుని కూతురి దగ్గర ఉంటున్నారు. కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడటం ఆయన అలవాటు. ఒకసారి డిపోలో ఎవరూ చూడకుండా బస్సు గోడకి గీసుకుంటే, తనే వెళ్ళి గీశానని చెప్పి జీతం కోయించుకున్నారట. ఆ సంగతి కూతురు గొప్పగా చెప్పుకుంటుంది. ఆయనకి కొత్త కళ్ళజోడు అల్లుడే స్వయంగా చేసి పెట్టాడు. అది తొడుక్కుని మామగారు హాల్లో తిరిగి, కూతురు గోడకి తగిలించుకున్న తూనీగ ఫోటో ముందు ఆగిపోయారు.

"ఇది నువ్వు తీశావా బాబూ? వారం రోజులు కూర్చుని?"

"ఆఁ... అవును మామయ్యా."

"నేనూ చూడాలి. ఇన్నేళ్ళూ తెల్లారగట్ట బస్సు తోలాను. పొద్దు పొడవడం అద్దంలోంచి చూశానేగానీ, దిగి చూసింది లేదు."

మర్నాటినుంచి మొదలు. చీకటుండగానే మఫ్లర్ చుట్టుకుని, మడత స్టూలు చంకలో పెట్టుకుని ఆయన కుంట దగ్గరికి వెళ్తారు. ఎండెక్కాక వస్తారు. కనబడలేదు అంటారు. అల్లుడు వారం కూర్చోగా లేనిది, తను నాలుగు రోజులకే విసుక్కోవడమేమిటని తనని తనే తిట్టుకుంటారు. "నాదే లోపం బాబూ, నేను దగ్గినప్పుడు బెదిరిపోతోందేమో" అన్నారొకసారి. అల్లుడు టిఫిను సగంలో వదిలేశాడు. తేలు కుట్టిన దొంగలా నీళ్ళు తాగి లేచిపోయాడు.

దగ్గు మామూలు దగ్గు కాదని తర్వాత తేలింది. చలిగాలి ఛాతీకి పట్టింది. డాక్టరు పొద్దున్నే బయటికి వెళ్ళొద్దన్నాడు. మామగారు డాక్టరు మాట విని, తల ఊపి, మర్నాడు యథాప్రకారం స్టూలు పట్టుకుని బయల్దేరారు.

"నా మాట వినట్లేదు, డాక్టరు మాట వినట్లేదు" అంది భార్య, కళ్ళనీళ్ళు పెట్టుకుని. "మీరు చెప్పండి. మీరంటే ఆయనకి గురి. మీరు చెప్తేనే ఆగుతారు."

చెప్పడానికి ఒక్క మాట చాలు. 'మామయ్యా, అది ఫ్రిజ్‌లోది.' ఆ మాటతో ముసలాయన పక్కమీదే వెచ్చగా ఉంటారు. కానీ ఆ మాటతో అల్లుడి మీద గురి ఉండదు. భార్య ముందు, లైబ్రరీ ముందు, ఓనరు ముందు ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? సాయంత్రం మామగారి మంచం దగ్గర కూర్చుని, గొంతు సవరించుకుని, తీరా నోరు తెరిచి, "ఇప్పుడు సీజను అయిపోయింది మామయ్యా" అన్నాడు.

"పోనీలే, ఒక్కటైనా మిగలకపోతుందా?" అన్నారు ఆయన. "ఒక్కసారి చూస్తే చాలు. మళ్ళీ వెళ్తే అడుగు."

ఆ మాట పట్టుకున్నాడు అల్లుడు. ఒక్కసారి చూపిస్తే సరిపోతుంది! గోటితో పోయేదానికి గొడ్డలి వెతుక్కోవడమంటే ఇదే. నిజం చెప్పడం కంటే ఇంకో తూనీగని పట్టుకోవడం ఆయనకి తేలిక అనిపించింది. మర్నాడు సాయంత్రం పట్టుకొచ్చి, పాత పెట్టెలోనే పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల వెనక దాచాడు.

తెల్లారగట్ట తీసి చూస్తే కూరల వెనక పెట్టె లేదు. పాలగిన్నెకి చోటు కోసం భార్య దాన్ని ఐసు అరలోకి జరిపింది. షాపు తాలూకు గమ్మో ఏదో అనుకుని ఉంటుంది. తూనీగ గాజుముక్కలా ఉంది. గాఢనిద్రలో ఉందిలే, ఎండకి లేస్తుందిలే అని తనకి తను చెప్పుకున్నాడు. అవతల గదిలో మామగారి దగ్గు వినబడుతోంది, ఇంకోదాన్ని పట్టే వ్యవధి లేదు. స్ప్రే సీసా జేబులో వేసుకుని ముందుగా కుంటకి పరుగెత్తాడు. దాని కాళ్ళు పరకని పట్టుకోవడం లేదు. సంచిలో ఫ్రేములు అంటించే గమ్ము ఉంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆయన నిజంగానే అతికించాడు. నీళ్ళు చల్లి, గట్టెక్కి, మామగారు రాగానే అప్పుడే చూసినవాడిలా చెయ్యి ఊపాడు.

"మామయ్యా! ఇటు, ఇటు. మెల్లిగా."

మామగారు స్టూలు వేసుకుని వంగి చూశారు. దగ్గు వస్తుంటే మఫ్లర్ నోట్లో కుక్కుకున్నారు. ముఖం పిల్లాడి ముఖమైపోయింది. "అమ్మో" అన్నారు. మళ్ళీ, "అమ్మో, ఎంత ముద్దుగా ఉందో" అన్నారు. అల్లుడు ఆ క్షణంలో, ఏమో, మంచి పనే చేశానేమో అనుకున్నాడు కూడా.

"సరే మామయ్యా, చూశారుగా. ఇంటికి పోదాం, చలిగా ఉంది."

"అదేంటి బాబూ? ఎగరనీ. ఎండ పడగానే రెక్కలు వణికిస్తుందన్నావటగా, అమ్మాయి చెప్పింది. నువ్వు చూశావు, నేను చూడొద్దా?"

కూర్చున్నారు. ఎండ అవతలి గట్టు మీద పడింది. నీటిమీదికి పాకింది. తుంగలోకి వచ్చింది. తూనీగ మీద నీటిచుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. రెక్క కదల్లేదు. పార్కులో నడకకొచ్చినవాళ్ళు వచ్చారు, పోయారు. కళ్ళద్దాలాయన జీవితంలో మొదటిసారి కాలు మార్చకుండా, తుమ్మకుండా, చూపు తిప్పకుండా నిలబడ్డాడు. ఒక్కసారి కదులు తల్లీ అని మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

మామగారు పక్క పరకని వేలితో తడిమారు. పొడిగా ఉంది. ఇంకోదాన్ని తడిమారు. అదీ పొడే. ఆ రాత్రి మంచే కురవలేదు. తర్వాత ఆయన ముక్కు తూనీగకి తగిలేంతగా వంగి, దాని కాళ్ళ దగ్గర మెరుస్తున్న గమ్ము చుక్కని చూశారు. చాలాసేపు చూశారు. అల్లుడు నేలకేసి చూస్తున్నాడు.

మామగారు కళ్ళజోడు తీసి, మఫ్లర్ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"దగ్గరి చూపు బాగా కుదిరింది బాబూ" అన్నారు. "అన్నీ కనబడుతున్నాయి. నువ్వు చేసిన పనికి వంక లేదు."

ఆ గొంతులో కోపం ఉన్నా బతికిపోయేవాడు. లేదు. తిట్టండి మామయ్యా అనాలనుకున్నాడు. మామగారు పరకని విరిచి, తూనీగతో సహా తుంగ మొదట్లో నీళ్ళమీద పెట్టి, స్టూలు మడిచారు. అల్లుడు అందుకోబోతే, "నేను మోసుకోగలను" అన్నారు. దారంతా ముందు ఆయన, వెనక ఈయన. లైబ్రరీ దగ్గరికొచ్చాక మామగారు వెనక సందు వైపు తిరగలేదు. ముందునుంచే నడిచారు. అల్లుడూ నడవాల్సి వచ్చింది. గాజుతలుపు లోపల తూనీగ కనబడుతోంది. మామగారు అటు చూడలేదు.

గుమ్మంలోనే కూతురు ఎదురొచ్చింది. "ఇంత ఆలస్యమైందేంటి నాన్నా? ఇవాళైనా కనబడిందా?"

సరే, ఇక్కడితో అయిపోయిందనుకున్నాడు కళ్ళద్దాలాయన. అయిపోనీ అని కూడా అనుకున్నాడు. బస్సు గోడకి గీసుకుంటే తనే వెళ్ళి చెప్పుకున్న మనిషి.

మామగారు మఫ్లర్ విప్పి కూతురి చేతికిచ్చారు. ఆవిడ ముఖంలోకి ఒకసారి చూశారు.

"కనబడిందమ్మా. ఎండ పడగానే రెక్కలు వణికించి ఎగిరిపోయింది. ఇంక వెళ్ళనులే."

"హమ్మయ్య!" అంది కూతురు. భర్తకేసి తిరిగి, కళ్ళతోనే దణ్ణం పెట్టినంత పని చేసింది. "చెప్పానా, మీ మాటైతే వింటారని! మీరూ చూశారా, ఎగరడం?"

మామగారు గదిలోకి వెళ్తూ ఆగారు. జవాబు తనకీ కావాలన్నట్టు నిలబడ్డారు.

"చూశాను" అన్నాడు కళ్ళద్దాలాయన.

మామగారు తల ఊపి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.