ముగ్గురికీ ఒకే గిన్నె

2023 నవంబరు 14, మంగళవారం, మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలు. ఉష్ణోగ్రత 47 డిగ్రీల ఫారెన్‌హీట్, సన్నని వాన. స్థలం బాతెల్ అనే అమెరికన్ ఊరి సమీపంలోని ఒక కాలేజీ. ఆ తరువాతి సమయాలేవీ నా వద్ద లేవు. టీ గిన్నెకు గీత పడకూడదని 3:40కి నా చేతి గడియారం తీయించారు.

అప్పటికి నా వయసు అరవై ఒకటి. మందుల కంపెనీలో క్వాలిటీ ఆడిటర్‌గా ముప్పై నాలుగేళ్ల అనుభవం. పని ఎలా చేయాలో వరుసగా రాసిన పత్రం ఎస్‌ఓపీ. దాన్ని ఎవరైనా దాటితే అది డీవియేషన్. దానికి కారణం తేల్చి రాయడం నా ఉద్యోగం. కొత్త క్లయింట్లు జపాన్ వారు కావడంతో కంపెనీ నన్ను జపనీస్ తరగతికి పంపింది. ఆ కోర్సు చివరి పరీక్ష తేనీటి క్రతువు. ముగ్గురేసి అతిథులుగా కూర్చుని, జపనీస్‌లోనే మాట్లాడుతూ టీ స్వీకరించాలి.

నా జట్టులో బ్రయన్ అనే కుర్రవాడు, ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి సాహితి ఉన్నారు. పరీక్ష తప్పితే సాహితికి క్యోటోలో చదివే సీటు పోతుంది.

"అంకుల్, ప్లీజ్, ఏదీ మర్చిపోకండి."

"గురువుగారిచ్చిన పత్రంలోని ఇరవై ఆరు అంశాలూ కంఠస్థం, అమ్మా."

పెద్దవాణ్ణి కనుక మొదటి అతిథి స్థానం నాది. సాధనలో ఎవరి గిన్నె వారిదే; తాగాక ఖాళీ గిన్నె అందాన్ని పక్కవారు చూసేవారు. పరీక్షకు మాత్రం చిక్కటి టీ. పత్రంలో "మొదటి అతిథి తాగి, అంచు తుడిచి, పక్కవారికి అందించాలి" అని ఉంది. అదీ చూడడానికేనని నేను నిర్ధారించుకున్నాను.

సెన్సే, అంటే మా గురువుగారు, డెబ్బై దాటిన స్త్రీ. టీని గోరింటాకు ముద్దలా చిక్కగా కలిపి నా ముందు పెట్టారు.

"ముగ్గురికీ సరిపడా కలిపాను," అన్నారు.

మా ఇంట్లో మంచినీళ్లు కూడా పెదవికి తగలకుండా ఎత్తి తాగుతాం. నా ఎంగిలి ఈ పిల్లలకు ఎలా ఇవ్వను? ఆలోచించే వ్యవధి లేదు. అడుగంటా తాగేసి, అంచు తుడిచి, గిన్నెను గౌరవంగా అందించాను.

బ్రయన్ లోపలికి చూసి, గిన్నెను సాహితి వైపు వంచాడు. సాహితి తొంగి చూసింది. జపనీస్‌లోనే మాట్లాడాలన్న నియమం అక్కడే కూలింది.

"అంకుల్! మొత్తం తాగేశారా?"

"నా ఎంగిలి మీకెలా ఇస్తానమ్మా?"

"ఎంగిలా? డార్మ్‌లో మేం నలుగురం ఒకే స్ట్రాతో తాగుతాం! ఇప్పుడు నా క్యోటో..."

టీ పొడి డబ్బాలో మూడు నాలుగుల పన్నెండు గ్రాములే తెచ్చారు. డబ్బా ఖాళీ. ఇతరుల తప్పులు రాసిన ముప్పై నాలుగేళ్లలో, తప్పు చేసినవాడు ఎలా కూర్చుంటాడో నాకు తెలియలేదు.

సెన్సే గిన్నె వెనక్కి తీసుకున్నారు. గోడలకు అంటుకున్న ముద్ద మీద వేడినీళ్లు పోసి, చిలికి, మళ్లీ నా ముందే పెట్టారు.

"మొదటి అతిథి నుంచి," అన్నారు.

ఒక గుక్క తాగాను. అంచు మూడుసార్లు తుడిచాను.

"ఒక్కసారి చాలు, అంకుల్," సాహితి గుసగుసలాడింది.

బ్రయన్ తాగాడు. సాహితి చివరి చుక్క దాకా తాగి, టీ పేరు ఏమిటని తప్పులేని జపనీస్‌లో సెన్సేని అడిగింది.

మరునాడు డీవియేషన్ రిపోర్టు రాసి సెన్సేకి ఇచ్చాను. కారణం: "మొదటి అతిథి తప్పు." ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివి, కింద ఇలా రాసి సంతకం చేశారు: "ఎంత తాగాలో నా పత్రంలో లేదు. అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు."

ఆ వాక్యం నన్ను ఆఫీసులో కూర్చోనివ్వలేదు. ఆ ఏడాది "పనివారి తప్పు" అని నేను మూసిన ఇరవై మూడు డీవియేషన్లూ తిరిగి తెరిచాను. తొమ్మిదింటికి కారణం, ఎస్‌ఓపీలో మేం రాయకుండా వదిలిన వాక్యమే. ఆ తొమ్మిది మంది రికార్డులూ సరిదిద్దించాను.

ఇక ఆ పరీక్ష లెక్క: అతిథులు ముగ్గురు, గిన్నె ఒకటి, ఉత్తీర్ణులు ముగ్గురు. తప్పు ఒకటి, దాన్ని పంచుకున్నవారు ఇద్దరు: సెన్సే, నేను.