కాయ రానీ, చూద్దాం

ఇది ఇప్పుడే రాసిపెట్టాలి. ఇంకొన్నాళ్లు పోతే పొరబడ్డానని నేనే నమ్మేస్తాను.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నూజివీడు లైబ్రరీలో సైన్సు బీరువా మొత్తం చదివినవాణ్ణి. కంప్యూటర్ నేర్చుకున్నదీ అక్కడి పుస్తకాలతోనే.

మామిడికాయలు మాగబెట్టే గదుల దగ్గర నేను బిల్లులు కొడతాను. అందరికీ కలిపి ఒకటే కంప్యూటర్, ఎవరి లాగిన్ వారిది. గదుల్లో కూలర్లు నడపాలంటే మాత్రం 'కూలర్' అనే గ్రూపులోకి మారాలి. సభ్యులైతే మారమంటే చాలు, మారుతుంది. బయటివాళ్లనైతే ఆ గ్రూపు పాస్‌వర్డ్ అడుగుతుంది.

సభ్యుడు గదుల పెత్తనం చూసే మా వెంకట్రావు గారొక్కరే. నన్నూ చేర్చమని ఎన్నిసార్లు అడిగినా, "కాయ రానీవయ్యా, చూద్దాం. ఇప్పట్నుంచీ ఖాళీ గదులు చల్లబెడతావా?" అని నవ్వేవారు. కాయ రాకముందే, మాఘమాసంలో గుండెపోటుతో పోయారు. పాస్‌వర్డ్ ఆయనతోనే పోయింది.

ఈ వేసవిలో మా అక్క ధనలక్ష్మి, చాట్రాయిలో కౌలుకు తీసుకున్న తోట కాయంతా ఒకే గదిలో పెట్టింది. ఏడాదంతా ఆమె బతుకు ఆ గదిలోనే ఉంది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. సీజన్ మొదట్లో టెక్నీషియన్ వచ్చి నడిపి వెళ్లిన కూలర్ మాత్రం మళ్లీ తిరగలేదు. పండే కాయ తనే వేడి పుట్టిస్తుందని చదివాను. ఆ రోజు చేత్తో తాకి చూశాను. తలుపు తీద్దామంటే బయట వడగాలి.

హైదరాబాద్‌లో ఉండే ఆ టెక్నీషియన్ కిరణ్‌కి ఫోన్ చేస్తే, అక్కడికొస్తే గానీ కాదు, రేపు వస్తానన్నాడు. రేపటికి మిగిలేది కుళ్లే.

తోచిన పాస్‌వర్డులన్నీ కొట్టాను. ఒక్కటీ పట్టలేదు. అక్క గది తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

"వాసన మారింది తమ్ముడూ," అంది. "అన్ని పుస్తకాలు చదివావు, దీనికేం రాయలేదంట్రా వాటిల్లో?"

మళ్లీ గ్రూపు మారమని కొట్టాను. ఈసారి పాస్‌వర్డ్ అడగలేదు. ఇప్పుడు నాది ఏ గ్రూపని కంప్యూటర్‌నే అడిగాను. కూలర్ అని చూపించింది. నడవమని ఆదేశం ఇచ్చాను. గోడ వెనక కూలర్ తిరగడం మొదలైంది. కాయ దక్కింది.

మర్నాడు కిరణ్ సభ్యుల పట్టిక తీశాడు. వెంకట్రావు గారి పేరొక్కటే ఉంది. దాన్నెవరూ ముట్టుకున్న గుర్తు లేదు. "కంగార్లో పాస్‌వర్డేదో తగిలుంటుందండీ, మర్చిపోయారు," అన్నాడు. అతని ముందే మళ్లీ కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది.

అదెలా జరిగిందో నేనిప్పటికీ చెప్పలేను.

అంత ఎండలో పడి వచ్చిన కిరణ్‌కి, పుస్తకాలు గడువు దాటినా ఏమీ అనని లైబ్రేరియన్ సుభద్ర గారికి, ఆ తలుపు దగ్గర నుంచి లేవని మా అక్క ధనలక్ష్మికి కృతజ్ఞతలు.

వెంకట్రావు గారూ, కాయ వచ్చిందండీ. మీకూ కృతజ్ఞతలు.