వక్కాణించిన మాట

డప్పు మీద పుల్ల వేసే ముందు అప్పలసూరి చెప్పులు విడుస్తాడు. ఎండకు నేల మాడుతున్నా, వానకు బురద తేలినా అంతే. చెప్పుల జత పక్కన పెట్టి, వట్టి కాళ్లతో నిలబడి చాటింపు వేస్తాడు. కుళాయి రాదన్నా, పశువుల డాక్టరు వస్తాడన్నా చివర ఒకటే మాట: "అని వక్కాణించడమైనది."

బడిలో వంట చేసే ఈశ్వరి ఒకసారి నవ్వింది. "వక్కాణించడమంటే ఏటి మావా? సెప్పడమే కదా?"

"సెప్పడమంటే సెప్పేసి ఎల్లిపోడం. వక్కాణించడమంటే సెప్పినకాడ నిలబడ్డం. మా అయ్య అలాగనీవోడు."

"నిలబడు మరి. అన్నం సల్లారిపోతాది," అంటూ రోజూలాగే అతని గిన్నెలో సాంబారు పోసింది.

మొన్న బడిపిల్లలు కొందరికి వాంతులయ్యాయి. ఊరి వేలు ఈశ్వరి వైపు తిరిగింది. ఆ వంటతోనే ఆమె ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. పంచాయతీ గుమ్మంలో ఆమె నిలబడి ఉండగానే సర్పంచి జగన్నాధం అప్పలసూరిని పిలిచాడు.

"ఒరే సూరీ, ఈశ్వరి వంట మానేసిందని సాటించు."

"మానేసిందా బాబూ?"

"మానిపిస్తన్నాం."

"ఆ పూట సాంబారు నేనూ తిన్నాను. నాకేటీ అవలేదు. ఆ మాట నా నోట రాదు బాబూ."

"రాకపోతే డప్పు ఇంకోడికిస్తాం."

"ఇయ్యండి. ఈ పూటకి నాకాడ ఉండనీండి."

అతను జబ్బుపడ్డ పిల్లల ఇళ్లన్నీ తిరిగి, ఏం తిన్నారని అడిగాడు. సాయంత్రం ఈశ్వరి వాకిట్లో డప్పు మోగింది.

"పక్కూరి అమ్మోరి సంబరంలో ఐసులు తిన్న పిల్లలకే వాంతులయ్యాయి. బడి సాంబారు నేనూ తిన్నాను, బాగున్నాది. ఇది పంచాయతీ మాట కాదు. అప్పలసూరి వక్కాణించడమైనది."

చాటింపులో అతను తన పేరు చెప్పుకోవడం ఊరు ఎన్నడూ వినలేదు. ఈశ్వరి బయటికి వచ్చింది. అతని చెప్పులు తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, కాళ్ల ముందు పెట్టింది.

"ఒసే, ఇదేటే పిచ్చిదానా!" అని అతను వెనక్కి జరిగాడు.

రాత్రి ఆమె రేపు బడిలో పోసే జావకు రాగిపిండి జల్లించుకుంది.

మర్నాడు పొద్దున, పిల్లల్ని దింపే తల్లులంతా చూస్తుండగా, అప్పలసూరి బడి మెట్ల దగ్గర చెప్పులు విడిచాడు. గిన్నె చాపాడు.

"పొయ్యే ఈశ్వరీ. నిండా పొయ్యి."

అక్కడే నిలబడి తాగాడు.