ఆంజనప్ప తెచ్చిన రెండు ప్రూఫులు

ఆంజనప్ప అచ్చువేసిన లగ్నపత్రికలు చింతామణి చుట్టుపక్కల చాలా ఇళ్ల బీరువాల్లో ఇప్పటికీ ఉంటాయి. అతను అచ్చువేసిన లెక్కల ప్రశ్నపత్రాలు ఎక్కడా ఉండవు. పరీక్ష అయిన సాయంత్రమే పిల్లలు వాటిని చింపేస్తారు. నేను చెప్పబోయేది ఆ రెండో రకం గురించి.

అతనిది మురుగమల్ల దగ్గర ఒక పల్లె. తండ్రి పిళ్ళప్ప వేరుశెనగ పండించేవాడు. ఆంజనప్ప పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పాడు. నాలుగోసారి కట్టడానికి ఫారం తెచ్చుకుంటానని చింతామణి వెళ్లి, దారిలో ఉన్న ప్రెస్సులో పనికి కుదిరాడు. ఫారం ఏమైందని ఇంట్లో ఎవరూ అడగలేదు. సీసపు అక్షరాలు తలకిందులుగా చదవడం నేర్చుకున్నాడు. వాటి కాలం అయిపోయాక కంప్యూటర్ కొని, బస్టాండు వెనక సొంత అంగడి పెట్టాడు. భార్య భాను కార్డులు మడిచి కవర్లలో పెట్టేది.

నేను బాగేపల్లిలో లెక్కల మాస్టర్ని. పదో తరగతి పిల్లలకు అసలు పరీక్షకు ముందు తాలూకా బళ్లన్నీ కలిసి ఒక సన్నాహక పరీక్ష పెట్టేవి. దానికి లెక్కల పేపరు నేను రాసేవాణ్ణి, ఆంజనప్ప కంపోజ్ చేసేవాడు. భిన్నాలూ వర్గమూలాలూ ఉన్నచోట అతను ఖాళీ వదిలేవాడు. నేను బస్సెక్కి చింతామణి వెళ్లి, ఆ ఖాళీలను నల్ల పెన్నుతో పూరించి వచ్చేవాణ్ణి. ఎనిమిదేళ్లు ఇలాగే నడిచింది. నా వర్గమూలాలు ఒక్కోటి ఒక్కో వైపు వంగేవి.

రెండువేల ఏడు నవంబరులో హెడ్మాస్టర్ల మీటింగు జరిగింది. పెద్ద హెడ్మాస్టరు మునికృష్ణప్ప పాత పేపరొకటి పైకెత్తి చూపించాడు.

"ఇది ప్రశ్నపత్రికెనా, డాక్టరు చీటీనా? ఈసారి ఒక్క పెన్ను గీత కనపడినా, వచ్చే సంవత్సరం పేపరు చిక్కబళ్లాపురం ప్రెస్సుకే."

ఈ మాట చెప్పడానికి చింతామణి వెళ్లాను. ఆంజనప్ప లెక్కపెడుతున్న కార్డుల కట్టను పక్కన పెట్టాడు.

"లగ్నపత్రికలు పోయినా బాధ లేదు సార్. ఈ పేపరు పోకూడదు. మూడుసార్లు నన్ను బయటికి తోసింది ఇదే కదా. ఇప్పుడు నా మిషన్లో నుంచి రాకుండా అది బయటికి పోయేదానికి లేదు. అది అట్లనే ఉండాల."

మరుసటి వారం నుంచి పొద్దున అంగడి తెరవక ముందే కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. సమీకరణాలను అందంగా అచ్చువేసే లేటెక్ అనే పద్ధతి ఒకటుందని ఇంటర్నెట్టులో తెలుసుకున్నాడు. అందులో గుర్తులు గీయనక్కర్లేదు. ఫలానాది భిన్నం, పైన ఇది, కింద ఇది అని మాటల్లో టైపు చేస్తే అదే గీసుకుంటుంది. అయితే పైదీ కిందిదీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో వంకర బ్రాకెట్లతో చెప్పాలి. లెక్క తెలియనివాడు ఆ బ్రాకెట్టు మూయలేడు. మూయకపోతే అసలు పేజీయే రాదు. అందుకని పెద్దవాళ్లకు ఉచితంగా బీజగణితం నేర్పే ఆన్‌లైన్ క్లాసొకదానిలో చేరాడు. అక్కడ జవాబులు కూడా ఆ పద్ధతిలోనే టైపు చేసి అందరికీ కనబడేలా పెట్టాలి. క్లాసంతా ఇంగ్లీషులోనే కాబట్టి ఒక చేత్తో డిక్షనరీ, ఒక చేత్తో కీబోర్డు.

భాను నాకు ఫోన్ చేసింది. "సార్, మీ చెలికాడు లెక్క నేర్చుకుంటాండాడు. రెండు పెళ్లిళ్లకు కార్డులు అచ్చు కాలేదు. పెండ్లికూతురు తండ్రి అంగట్లో కూర్చోని, ఈయప్ప చేసే లెక్క చూస్తాండాడు. ఆయన కూడా నేర్చుకునేటట్టున్నాడు."

డిసెంబరులో నేను వెళ్లేసరికి ఆంజనప్ప ముఖం మాడ్చుకుని ఉన్నాడు. 3x + 6 = 18 అన్న లెక్కకు x విలువ ఎనిమిది అని పెట్టాడట. ఏ దేశం నుంచో ఒకరు జవాబిచ్చారు: అచ్చు చాలా బాగుంది, లెక్క తప్పు.

"ఆరును ఆ పక్కకు పంపించినా సార్. పద్దెనిమిదీ ఆరూ ఇరవైనాలుగు. మూడుతో భాగిస్తే ఎనిమిది. తప్పు యాడుండాది?"

"ఆ పక్కకు పోతే మైనస్ ఆరు అవుతుంది ఆంజనప్పా."

"ఎందుకవతాది? నేను ఇరవై ఏళ్లుగా పేర్లు అటూ ఇటూ జరుపుతాండా. పెండ్లికూతురు పక్క లైన్లు ఎక్కువైతే ఒక మామను తీసి పెండ్లికొడుకు పక్క పెడతా. మన కులంలో అందరూ రెండు పక్కలా చుట్టాలే. పక్క మారితే మామ మామ కాకుండా పోతాడా?"

ఇరవై ఏళ్లు పాఠం చెప్పినా ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. కొంచెం ఆలోచించవలసి వచ్చింది.

"ఇక్కడ ఎవరూ పక్క మారరు. రెండు పక్కల నుంచీ ఆరు తీసేస్తున్నాం, అంతే."

అతను స్క్రీను వైపు చూశాడు. "అంటే, ఒక పక్క ఆరు పేర్లు కొట్టేస్తే, ఆ పక్కోళ్లు కొట్లాటకు వస్తారని అక్కడా ఆరు కొట్టేసినట్టు."

"అంతే."

"ముందే ఇట్ల చెప్పింటే నేను ఎనభై అయిదులోనే పాసయ్యుంటా" అన్నాడు. ఎనభై అయిదులో నేనింకా ఉద్యోగంలో చేరలేదని చెప్పాను. దాన్ని అతను పట్టించుకోలేదు.

జనవరిలో పేపరు రాసిచ్చాను. ఇక్కడ అతని పనిలోని ఒక కట్టుబాటు చెప్పాలి. కాపీలో, అంటే రాసిచ్చిన కాగితంలో, ఏముంటే అచ్చులో అదే ఉండాలని పాత యజమాని నేర్పాడు. ఒకసారి తెల్లవారుజాము నాలుగు గంటల ముహూర్తాన్ని కాపీలో సాయంత్రం నాలుగని రాసిస్తే, ఆంజనప్ప అలాగే అచ్చువేశాడు. చుట్టాలు వచ్చేసరికి పెళ్లీ అయిపోయింది, భోజనాలూ అయిపోయాయి. అచ్చులో మాత్రం తప్పు లేదు.

నాలుగు రోజులకు అతనే బస్సెక్కి బాగేపల్లి వచ్చాడు. సంచిలో నుంచి రెండు ప్రూఫులు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. భిన్నాల గీతలు తిన్నగా ఉన్నాయి. వర్గమూలాలు ఎటూ వంగలేదు.

"రెండెందుకు?" అన్నాను.

"ఒకటి మీరు రాసిచ్చినట్టే ఉండాది సార్."

"రెండోది?"

"పదిహేడో ప్రశ్న చూడండి."

ఒక అమ్మాయి వయసుకు మూడు కలిపి, సగం చేసి, నాలుగు కలిపితే మళ్లీ ఆమె వయసే వస్తుంది, వయసెంత అన్నది ప్రశ్న. దాని కింద సమీకరణం కూడా నేనే ఇచ్చాను. ఎడమవైపు x + 3 లో సగం, కుడివైపు x + 4.

"చేసి చూసినా సార్. ఆ పాపకు మైనస్ అయిదేళ్లు వస్తాండాది. ఇంకా పుట్టేదానికి అయిదేళ్లుండాది."

నేను కాగితం తీసుకుని చేశాను. మైనస్ అయిదు. ఇంకోసారి చేశాను. అప్పటికీ పుట్టలేదు.

"నాలుగు పక్క మారేటప్పుడు గుర్తు మార్చడం మరిచిపోయాను" అన్నాను.

"మామ అట్లనే నడిచొచ్చినాడు" అన్నాడు ఆంజనప్ప. నవ్వలేదు. "రెండోదాన్లో x మైనస్ నాలుగు పెట్టినా. పాపకు పదకొండేళ్లు. అయినా కాపీ మీది. ఏది అచ్చువేయాలో మీరే చెప్పండి."

అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీసి, మొదటి ప్రూఫు మీద దిద్దబోయాను. అతను రెండు కాగితాలూ చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"పెన్ను వద్దు సార్. నోటితో చెప్పండి."

రెండోదని నోటితో చెప్పాను. మొదటిదాన్ని నాకే ఇచ్చి వెళ్లాడు.

తర్వాతి హెడ్మాస్టర్ల మీటింగులో మునికృష్ణప్ప వేలు తడిచేసి ఒక వర్గమూలం మీద రుద్దాడు. సిరా అంటలేదు. ఇంకో రెండు చోట్ల రుద్దేసరికి కాగితం చిరిగింది. "ఈ కాపీ పోయింది, ఇంకోటి ఇయ్యండి" అని మాత్రం అన్నాడు. చిక్కబళ్లాపురం మాట మళ్లీ రాలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ పేపరు ఆంజనప్ప అంగట్లోనే అచ్చయింది.

మొదటి ప్రూఫు నా దగ్గరే ఉంది. ఏదో ఒక పుస్తకంలో గుర్తుగా పెట్టుకుంటూ ఉంటాను.

ఆ సంవత్సరం పదిహేడో ప్రశ్నకు చాలామంది పిల్లలు పదకొండని రాశారు. గుర్తు మార్చడం మరిచిన కొందరికి మైనస్ అయిదు వచ్చింది. ఆ జవాబుల మీద సున్నా వేయడానికి నాకు మామూలుకంటే ఎక్కువ సేపు పట్టింది.