వేపమండ ముందు చెప్పిన మాట

మదనపల్లెలో కౌన్సెలింగ్ గది కిటికీ బయట ఎవరో వేపకొమ్మ నరుకుతున్నారు. ఆ పచ్చి వాసనకు నేను కుర్చీని వెనక్కి, గోడకు ఆనేలా జరుపుకున్నాను.

నాకు అమ్మవారు పోసినప్పుడు మొక్కుకున్నారని, ఎనిమిదో ఏట కుప్పం గంగమ్మ జాతరలో నాకు చీర కట్టి ఆడవేషం వేశారు. అమ్మవారి రూపమని అందరూ నా కాళ్లకు మొక్కారు. జాతర ముగిసిన మర్నాడు కూడా నేను చీర విప్పనన్నాను. నాయన భయపడి పుంగనూరు దగ్గర ఒక మంత్రగాడి ముందు కూర్చోబెట్టాడు.

అతను వేపమండ ఎత్తి, "ఎవురు నువ్వు? సెప్పు" అన్నాడు.

అంతవరకూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. నిజం చెబితే వదిలేస్తాడనుకున్నాను.

"ఆడపిల్లనప్పా."

"సూడండప్పా, దయ్యం పలకతాండాది" అంటూ మండతో వీపు మీద కొట్టాడు. నేను మళ్లీ అదే చెప్పాను. మళ్లీ కొట్టాడు. ఆఖరికి "మొగపిల్లోణ్ణి" అన్నాను. మండ ఆగింది. దయ్యం దిగిపోయిందని నాయన ఏడుస్తూ అతనికి దండం పెట్టాడు.

"నీ గురించి నువ్వే చెప్పమ్మా" అంది కౌన్సెలర్, మెల్లగా.

నేను ముందు ఆమె చేతుల వైపు చూశాను.