వెలుగు పోతోంది, తప్పుకోండి!

పంటి డాక్టరమ్మ భర్తకు ఒకటే పిచ్చి. పైకప్పు కింద కుంచె పట్టడు. బొమ్మ వేయాలంటే ఊరవతల ఉన్న ఆ మహా లోయ అంచుకే వెళ్ళాలి. ఎర్రరాతి గోడలు నిట్టనిలువుగా దిగిపోయి, కింద ఏరు దారప్పోగులా కనిపించే చోట నిలబడితేగాని ఆయన చెయ్యి కదలదు. ఒకసారి వడగళ్ళు పడుతుంటే గొడుగు బొమ్మకు పట్టి, నెత్తి మీద బొప్పులతో ఇంటికొచ్చాడు.

"ఇంట్లో కూర్చుని వేస్తే ఏం పోతుందండీ?" అంది డాక్టరమ్మ.

"వెలుగు పోతుంది."

ఏమడిగినా ఆయనదదే జవాబు. భోజనానికి పిలిస్తే వెలుగు పోతుంది. సొంత బావమరిది పెళ్ళి ఫోటోలో కూడా ఆయన లేడు. కారణం మళ్ళీ చెప్పాలా?

ఆసుపత్రి గోడల నిండా లోయ బొమ్మలే. కుర్చీలో వెనక్కి వాలిన రోగులు వాటిని చూసి, సూది కనిపించకముందే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవారు. డాక్టరమ్మకు స్టూలెక్కినా కళ్ళు తిరుగుతాయి. కాపురానికొచ్చిన నాటినుంచి ఆ లోయ ఛాయలకు పోలేదు.

ఈ వానాకాలం ఆయన పిచ్చి మరీ ముదిరింది. అన్నం మానేసి పరుగెత్తడం, చిరిగిన చొక్కాతో తిరిగి రావడం, వేసిన బొమ్మల్ని మొహం గోడకు తిప్పి పెట్టడం. ఒకరోజు ఒక పెద్దాయన, మత్తుకి సగం నోరు మొద్దుబారి ఉండగానే లేచి కూర్చున్నాడు.

"మీ ఆయన మా అల్లుడి కొత్త చొక్కాకి ఎర్ర రంగు పూశాడమ్మా!"

"పొరపాటున అంటుకుందేమోనండీ."

"వెంటబడి పూశాడు! ఫోటో దిగుతామంటే, వెలుగు పోతోంది తప్పుకోండంటూ!"

డాక్టరమ్మ చేతిలోని పట్టకారు ఠంగున కిందపడింది. పెద్దాయన పని ముగించి, ఆమె తిన్నగా లోయ దగ్గరికి బయలుదేరింది.

దూరం నుంచే కేకలు వినిపించాయి. చంకలో పసిపిల్లతో ఉన్న ఒకామెను, ఆమె మొగుణ్ణి డాక్టరమ్మ భర్త కుంచెతో అదిలిస్తున్నాడు. "తప్పుకోండి! వెలుగు పోతోంది!" ఆకాశమంతా మబ్బు. పోవడానికి అక్కడ వెలుగే లేదు.

తిట్లన్నీ కూడగట్టుకుని దగ్గరికెళ్ళిన డాక్టరమ్మ, బొమ్మ చూసి నిలువునా బిగుసుకుపోయింది. లోయ లేదు. బస్సులు ఆగే చోటు, టిక్కెట్ల గది, పంక్చరైన ఒక బస్సు!

"లోయ ఏదండీ?"

"వెనకుంది."

"లోయకు వీపు పెట్టి బస్సు బొమ్మ వేస్తున్నారా! మీరు?"

"అటు తిరిగితే ఇటు వచ్చేవాళ్ళు కనబడరు కదా," అన్నాడాయన నీరసంగా. తన వెనక్కి కుంచెతో చూపించాడు. ఫోటోల కోసం అందరూ ఎగబడే ఆ రాతి కొసకు అడ్డంగా చెయ్యి పట్టేంత పగులు. "ఈ వానలకి విచ్చింది. టిక్కెట్ల ఆఫీసులో చెప్తే చూస్తామన్నారు. నేనే బోర్డు రాసిపెట్టాను. దాన్ని పట్టుకుని ఫోటోలు దిగారు. మంచిగా చెప్తే ఎవరూ వినరే. పిచ్చోడంటే మాత్రం ఆమడ దూరం పోతారు."

"నాకైనా చెప్పొచ్చుగా!"

"చెప్తే రానిస్తావా?"

ఆమె నోరు తెరిచేలోగా కాళ్ళ కింద ఏదో గరగరలాడింది. ఆయన కుంచె పారేసి ఆమె రెక్క పట్టుకుని పరుగెత్తాడు. వెనక పెద్ద ఉరుములాంటి చప్పుడు. దుమ్ము తగ్గి చూస్తే రాతి కొస లేదు. అప్పటిదాకా ఆయన్ని తిట్టిపోసిన పసిపిల్ల తండ్రి నేల మీద చతికిలబడి, రెండు చేతులూ జోడించాడు. డాక్టరమ్మ మాత్రం భర్త చొక్కా గుప్పిట పట్టుకుని అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఆఫీసువాళ్ళు హడావుడిగా వచ్చి బాగా ఇవతలగా ఇనప కంచె వేశారు. కంచెకు ఇవతల ఆయన స్టాండు పాతి, ఇన్నాళ్ళకు లోయవైపు తిరిగాడు. పక్కనే డాక్టరమ్మ, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని.

"కళ్ళు తెరవవే! రాయి లోపల గులాబీ రంగు! ఇన్ని వేల ఏళ్ళుగా ఎవరికీ చూపించకుండా దాచుకుంది!"

ఆమె ఒక కన్ను తెరిచింది. కాసేపటికి రెండోది దానంతటదే తెరుచుకుంది.

"ఎంతసేపు పడుతుందండీ?"

"సాయంత్రందాకా."

ఆమె ఫోను తీసి ఆసుపత్రిలో నర్సుకు చెప్పింది. "ఇవాళ పళ్ళ నొప్పులన్నీ రేపటికి వాయిదా వెయ్యమ్మా."