జాతరకు కడిగిన మిల్లు

మా సంఘానికి పిండి మిల్లు వచ్చేదాకా ఊరి ఆడవాళ్ళమంతా రాగులు, జొన్నలు మూటగట్టుకుని బస్సులో బాగేపల్లికి పోయేవాళ్ళం. మనిషికే సీటు దొరకని బస్సులో మూటకు ఎక్కడ దొరుకుతుంది? పోయేటప్పుడు గింజల మూట ఒళ్ళో, వచ్చేటప్పుడు వేడి పిండి మూట ఒళ్ళో. ఎండాకాలంలో ఆ వేడికి తొడలు కమిలిపోయేవి. అందుకే చిక్కబళ్ళాపురంలో మహిళా సంఘాలను పిలిచి మీటింగు పెట్టి, అప్పు చేసి మిషను కొనేకంటే మొదట లీజుకు తీసుకుని నడిపి చూడండని ఆఫీసరమ్మ చెప్పినప్పుడు, ముందుగా చెయ్యెత్తింది నేనే.

అప్పటికి నాకు అక్షరాలు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. సంఘం గదిలో నేర్పిన కన్నడ అక్షరాలు మొదట వచ్చాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగే కాబట్టి, ఆంధ్రా బస్సుల బోర్డులు చూసి చూసి తెలుగువీ పట్టుకున్నాను. సంతకం చేయగల పెద్దదాన్నని సంఘంవాళ్ళు అన్నిటికీ నన్నే ముందు నిలబెట్టేవాళ్ళు. నాకూ ఆ నిలబడటం బాగానే ఉండేది.

మిల్లు ఇచ్చింది చింతామణిలో మిషన్ల వ్యాపారం చేసే ఒక పెద్దాయన. మా సంఘం గది అరుగు మీద కూర్చుని లీజు షరతులు తనే చదివి, చదివినవన్నీ మళ్ళీ మామూలు మాటల్లో చెప్పాడు.

"రాయి అరిగితే అది నా లెక్కమ్మా. నడిచే మిషనుకు అరుగుదల ఉంటాది. చెడగొట్టినారంటే మాత్రం మీ లెక్క. గడువు అయినాక నేనిచ్చినట్లే నాకియ్యాల."

"ఏమప్పా, బిడ్డను కాపురానికి పంపిస్తాండే మాదిరి చెప్తాండావే!" అంది మాలో ఒకామె.

"బిడ్డనైతే వాపసు అడగనమ్మా. దీన్ని అడుగుతా."

అందరం నవ్వాం. సంఘం డబ్బులోంచి అడ్వాన్సు కట్టి, నేను సంతకం చేశాను.

మిల్లు నడపడానికి ఊరి చివరి వీధిలో ఉండే ఒకామెను పెట్టుకున్నాం. ఆమె కూడా సంఘం సభ్యురాలే, కానీ మీటింగుల్లో గడప దగ్గర కూర్చునేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. సెంటు భూమి లేదు. భర్త బెంగళూరులో కట్టడాల పనికి పోయి, వచ్చినప్పుడు వచ్చేవాడు, లేనప్పుడు లేదు. అంతవరకూ మా చేలల్లో కలుపు తీసిన మనిషి. నీడలో నిలబడి చేసే పని ఆమెకు జీవితంలో అదే మొదటిది. తాళంచెవి చీర కొంగుకు ముడేసుకుని పొద్దున్నే వచ్చేది. మధ్యాహ్నానికి కనుబొమలు, రెప్పలు పిండితో తెల్లబడేవి. పిల్లలు "అవ్వా, అవ్వా" అని ఏడిపిస్తే, నడుం వంచి కర్ర పట్టుకున్నట్టు నడిచి చూపించి వాళ్ళనే నవ్వించేది. మా చేలో ఎన్నేళ్ళు పనిచేసినా ఆమె అట్లా నవ్వించగలదని నాకు తెలియదు.

మొదటి ఏడాది జాతర వచ్చింది. మా ఊరి అమ్మవారికి ఇంటింటి నుంచీ పిండి దీపాలు ఎత్తుకుపోతాం. బియ్యం నానబెట్టి, నీళ్ళు వంచి, గుడ్డ మీద నీడన ఆరబోసి, ఇంకా తడి ఉండగానే దంచి, బెల్లం కలిపి ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి నెయ్యి పోసి వెలిగిస్తాం. ఆ పిండిని కడిగిన రోట్లోనే దంచాలి. ముందు నడిచే దీపం మా ఇంటిది. మా అత్త తర్వాత దాన్ని ఎత్తుకునేది నేను.

ఊళ్ళో మిల్లు పెట్టుకుని ఇంకా రోలేందని ఆడవాళ్ళు అన్నారు. నాకూ భుజం నొప్పి. అయితే అందరి గింజలూ పడిన రాయి, అందరి చేతులూ పడిన మిషను, దాంట్లో అమ్మవారి పిండి ఎట్లా పడుతుంది? కడిగితే సరిపోతుందని తీర్మానం చేసింది నేనే. అందరి చేతులు అన్నప్పుడు మా మనసులో ఎవరి చేతులు ఉన్నాయో ఎవరూ పైకి చెప్పలేదు. ఆమె అక్కడే, తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నీళ్ళు వద్దక్కా," అంది ఆమె. "బట్టతో తుడుస్తా, బ్రష్షుతో దులుపుతా. లోపలికి నీళ్ళు పోతే ఇనుము ఊరుకోదు."

"అమ్మవారి పనికి ఏం కాదులే," అన్నాను.

"అమ్మవారికి కాదక్కా, మిషనుకు అయితాది."

"నువ్వు పక్కకు రా పాపా," అన్నాను. గట్టిగా కూడా అనలేదు. పొలంలో గట్టు మీది నుంచి అన్నట్టు, అలవాటుగా అన్నాను. ఆమె పక్కకు వచ్చింది. పసుపు కలిపిన నీళ్ళు బిందెలతో పోశాం. తొట్టి లోపల, రాళ్ళ మీద, కింద మోటారు దాకా. తర్వాత తడి బియ్యమే పోసి ఆడించాం. మేము వెళ్ళాక ఆమె మధ్యాహ్నమంతా పాత చీర ముక్కలతో తుడుస్తూ కూర్చుందని మా కోడలు చూసి వచ్చి చెప్పింది. లీజు ఉన్నన్నాళ్ళూ ప్రతి జాతరకూ అట్లాగే కడిగాం. రెండోసారి నుంచి ఆమె వద్దనలేదు. మేము బిందెలు తేవడం చూసి, తనే స్విచ్చి ఆపి బయటికి వెళ్ళి నిలబడేది.

గడువు అయిపోయింది. పెద్దాయన మెకానిక్కును వెంటబెట్టుకుని చింతామణి నుంచి వచ్చాడు. మెకానిక్కు మిల్లు విప్పి, బేరింగులు తీసి పాత పేపరు మీద పెట్టాడు. తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. మోటారు కింది పలక పట్టుకుంటే పొరలు పొరలుగా రాలింది.

"ఇది అరుగుదల కాదమ్మా," అన్నాడు పెద్దాయన. "నీళ్ళు పోసినారు. బాగు చేసేదానికి అయ్యేది మీ అడ్వాన్సులో పట్టుకుంటా."

మా వాళ్ళు ఊరుకోలేదు.

"ఏందప్పా ఇది, ఇన్నేండ్లు తిరిగింది, తుప్పు పట్టదా? మా ఇంట్లో కొడవలి పట్టలేదా?"

"నువ్వు ఇచ్చిన రోజు లోపల ఎట్లుండాదో మాకు విప్పి చూపిచ్చినావా?"

"కొడవలిని కూడా నీళ్ళలో పెడితేనే పడతాదమ్మా తుప్పు," అన్నాడాయన. "నన్ను చూస్తే అంత అమాయకుని మాదిరి కనిపిస్తాండానా?"

"అమాయకుడివైతే చింతామణిలో ఆ మేడ యాడ నుంచి వచ్చె?"

ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆయనా మేమూ ఒక్క అడుగూ వెనక్కి వేయలేదు. అడ్వాన్సు పోతే వేరే మిల్లు తీసుకునే దారి లేదు, మళ్ళీ బాగేపల్లి బస్సే. అది మాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. మేము పోతే ఆయనకూ బాడిగ పోతుంది. టీ తెప్పించాం. టీ తాగాక ఆయన గొంతు దించాడు.

"ఒక పని చేద్దాం. దీన్ని నేనే తీసుకుపోయి బాగు చేయించుకుంటా. మీ అడ్వాన్సు ముట్టను. కొత్త మిల్లు ఇస్తా, దానికే లెక్కేసుకుంటా. ఒకటే మాట. దీన్ని ఎవరు నడిపినారు?"

అందరి తలలూ గడప దగ్గర కూర్చున్న ఆమె వైపు తిరిగాయి. పగతో కాదు. అడిగినదానికి జవాబు అంతే కదా.

"కొత్తదానికి ఆమె వద్దు," అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను.

"నీళ్ళు పోయమన్నది నేనప్పా. జాతరకు దీపాల పిండి ఆడించేదానికి. ఆమె వద్దనే చెప్పింది."

నా పక్కన కూర్చున్నామె నా చీర పట్టి లాగింది. తెగిపోయే వ్యవహారాన్ని మళ్ళీ ఎందుకు తవ్వుతాండావు అని గొణిగింది. పెద్దాయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"నువ్వు సంఘం పెద్దమ్మవి. నిన్ను మార్చమంటే నేనెవరు? అమ్మవారిని మార్చమనేదానికీ లేదు. ఎవరు పోయమన్నా, తాళంచెవి ఉన్నామె ఆపాల. ఆపలేనామె చేతిలో నా మిషను ఎట్ల పెట్టేది చెప్పు?"

ఆమె ఆపి ఉంటే మేము ఆగేవాళ్ళమా? ఊరి చివరి వీధి మనిషి తలుపుకు తాళం వేసి, ముందు దీపం ఎత్తే నన్ను బయట నిలబెట్టి ఉంటే, మర్నాడు ఆమె గతి ఏమయ్యేది? ఈ మాటలు నా నోటి దాకా వచ్చాయి. చెప్పి ఉంటే ఆయన వినేవాడో లేదో. నేను మాత్రం కూర్చున్నాను. ఒకసారి లేచి నిజం చెప్పేశాను కదా, నా వంతు అయిపోయింది కదా అనిపించింది. ఆ రోజు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడు తలచుకుంటే, పోసిన నీళ్ళకంటే ఆ మెచ్చుకోలే ఎక్కువ గుచ్చుతుంది.

ఆమె కొంగు ముడి విప్పబోయింది. ఏళ్ళ తరబడి బిగిసిన ముడి, చేత్తో రాలేదు. పళ్ళతో లాగి విప్పి, తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టింది. మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ గోడ వైపు చూశాడు.

కొత్తగా ఎవరిని పెట్టాలన్న మాట వచ్చినప్పుడు, నా చీర లాగినామే మా కోడలి పేరు చెప్పింది. పది దాకా చదివింది, ఇల్లు పక్కనే, పెద్దమ్మ చెప్పినట్టు వింటుంది అన్నారు. అందరూ సరేనన్నారు. వద్దు అనడానికి నాకు ఒక్క మాట చాలు. కోడలు పొలం పని చేయలేక చిక్కిపోతోందని అంతకుముందు నెలలోనే నేను దిగులుపడి ఉన్నాను. ఆ ఒక్క మాట నేను అనలేదు.

కొత్త మిల్లు వచ్చింది. రాళ్ళు కొత్తవి, పిండి మెత్తగా వస్తోందని అందరికీ సంతోషం. మా ఇంటి పక్కనే మిల్లు, మా ఇంట్లోకి జీతం. ఆమె కూడా రాగుల సంచి తెచ్చుకుని వరుసలో నిలబడేది. మా కోడలికి మనసు ఆగక "నీది ముందు ఆడిస్తా అక్కా" అంటే, "వరుస వరుసేనమ్మా, నన్ను ముందుకు పిలిస్తే వెనకాలోళ్ళు నిన్ను తిడతారు" అని అక్కడే నిలబడింది. నేను వాకిట్లో ఉంటే, ఆమెను చూసి లోపలికి వచ్చేసేదాన్ని. కొన్నాళ్ళకు ఆమె రావడం మానేసింది. చింతామణి మార్కెట్టుకు టమోటాలు ఏరే పనికి పోతోందని, చీకటి ఉండగానే టెంపో ఎక్కి పొద్దుగూకాక వస్తోందని విన్నాను. మళ్ళీ ఎండలో పని.

జాతర దగ్గర పడింది. ఈసారి రోట్లోనే దంచుకోవాలని సంఘంలో నేనే చెప్పాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. అంత సులభంగా ఆగిపోయే పని అది. ఆ మర్నాడు తెల్లవారకముందే లేచి, ఊరి చివరి వీధికి నడిచాను. నా వయసుకు ఆ వీధిలోకి వెళ్ళడం కొత్త కాదు. కూలీలను పిలవడానికి ఎన్నోసార్లు వెళ్ళాను. ఎప్పుడూ వీధిలోనే నిలబడి పిలిచాను.

ఆమె తలుపు తీసి ఉంది. సద్ది కట్టుకుంటోంది.

"ఏమక్కా, ఇంత పొద్దున? కలుపుకు రమ్మంటావా? నేను మార్కెట్టుకు పోతాండా ఇప్పుడు."

"కలుపుకు కాదు," అన్నాను. "సంఘంలో మాట్లాడతా. చింతామణికి పోయి ఆయన్నీ అడుగుతా. మిల్లు మళ్ళీ నువ్వే నడుపుదువు."

"నీ కోడలు ఏం చేస్తాది?"

దారంతా ఆలోచించినా ఆ ఒక్కటి ఆలోచించలేదు.

"ఆమెకు చిన్నపిల్లోడు ఉండాడు," అంది ఆమె. "ఆమెను తీసేసి నన్ను పెడితే, ఊరంతా నన్ను ఏమంటాది? నీ ఇంట్లో కూడు నేను తీసినానని అనదా? అప్పుడు నువ్వు మళ్ళీ లేచి నిలబడి నిజం చెప్తావా?"

అరిచి చెప్పలేదు. సద్ది గిన్నె మూత బిగిస్తూ చెప్పింది.

"తప్పు చేసినా పాపా," అన్నాను.

"తెలుసులే. చేసినావు. ఆ మాట చెప్పి నీ గుండె తేలిక చేసుకుని పోయేదానికి వచ్చినావు. నా గుండె యాడ దించుకోవాల? అట్ల రావద్దక్కా మా ఇంటికి. వచ్చేదైతే టీ తాగేదానికి రా."

నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. ఆమె నన్ను లోపలికి పిలవలేదు, పొమ్మనీ అనలేదు. పొయ్యి మీద గిన్నె వేడిగానే ఉంది. నేను చెప్పులు విడిచి, తల వంచి గడప దాటాను. చాప పరిచింది. స్టీలు గ్లాసులో టీ పోసి నా చేతికి ఇచ్చి, తనదీ పోసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. బెల్లం టీ, చాలా వేడిగా ఉంది. టమోటాల ధర ఎట్లా ఉందని అడిగాను. పడిపోయిందని, దించిన బండ్లు దించినట్లే రోడ్డు మీద పారబోస్తున్నారని చెప్పింది.

ఊరి ముందర టెంపో హారను కొట్టింది. ఆమె మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగి, సద్ది తీసుకుని లేచింది.

"నువ్వు నిదానంగా తాగక్కా. పోయేటప్పుడు తలుపు దగ్గరగా వేసిపో. కుక్కలు దూరతాయి," అని చెప్పి, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తింది.

నేను ఆమె ఇంట్లో, సగం టీతో, ఒక్కదాన్నే కూర్చున్నాను. అది చల్లారేదాకా తాగలేకపోయాను. తాగకుండా లేవనూ లేకపోయాను.